పటము వెనుక పేరు



కన్నులతో చూడవలసినదానిని చెవులతో వినువారికి చెప్పుమని ఆకాశవాణివారు కోరినపుడు, వంటవానిని పిలిచి విందును మాటలలో వడ్డింపుమనుట వంటిది గదా యని మొదట సంకోచించితిని. కాని ఇరువది రెండేండ్లుగా కెమెరా సంచి భుజమున వేసికొని ఊళ్లు తిరుగుచున్న నన్ను పటములు చూపుమని అడిగినవారే గాని, ఆ పటము చేతికి రాకముందు ఏమి జరిగెనో, వచ్చిన తరువాత ఏమి జరిగెనో చెప్పుమని అడిగినవారు లేరను సంగతి జ్ఞప్తికి వచ్చి, ఒప్పుకొంటిని.

1839వ సంవత్సరమున ఆగస్టు 19వ తేదీన పారిసు నగరమందు, డాగెరు అను చిత్రకారుడు సాధించిన ఛాయాగ్రహణ విధానమును విద్వత్సభలో లోకమునకు వెల్లడించిరి. అందుచేతనే ఆ దినము మా వృత్తివారికి పండుగ అయినది. అంతకు ఒక్క యేడు ముందుగా, 1838లో, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర అచ్చుపడినది. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా ఉత్తరదేశమునకు పోయి, మరుసటి యేటి సెప్టెంబరులో ఇల్లు చేరిన ఆ మహనీయుడు, మజిలీ మజిలీకిని ఊరి పేరేమి, నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా, దారి యిసుకయా రాయియా అని విసుగు లేక వ్రాసికొనెను. ఆయన వద్ద కెమెరా ఉండియుండిన ఇంత వ్రాసియుండెడివాడా యను సందేహము నాకు అప్పుడప్పుడు కలుగుచుండును.

నా నివాసము నాచారము. కార్ఖానాల నడుమ కాలనీలును, కాలనీల నడుమ కార్ఖానాలును ఇమిడియున్న ఊరు మాది. ఒక వంక ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, మరొక వంక నందమూరి తారక రామారావుగారి రామకృష్ణా స్టూడియో. కావున మా పాతకాపులకు స్టూడియో అనిన సినిమాదే. నేను ఫోటోలు తీయువాడనని చెప్పినపుడెల్ల, ‘ఏ సినిమాకు?’ అని వారడుగుదురు. ఏ సినిమాకును కాదని తెలిసినపుడు వారి ముఖమున కనబడు నిరాశకు నేను ఇన్నేండ్లయినను అలవాటు పడలేదు.

ప్రయాణములన్నియు ఉప్పల్ రింగు వద్ద మొదలగును. తెల్లవారుజామున నాలుగున్నరకు, మెట్రో రైళ్లు ఇంకను కదలని వేళ, 2023లో తెరచిన ఆకాశవంతెన క్రింద ‘గుట్ట, గుట్ట, గుట్ట’ అని యాదగిరిగుట్ట బస్సులవారును, ‘జనగామ, హన్మకొండ’ అని వరంగల్లు బస్సులవారును పోటీపడి పిలుచుచుండగా, తొమ్మిది కిలోల సంచితో ఏ బస్సున ముందు కిటికీ దొరకునో చూచుకొని ఎక్కుదును. కిటికీ నా విలాసము కొరకు కాదు. సంచిని పైన పెట్టరాదు, క్రింద పెట్టరాదు; ఒడిలో పెట్టుకొనవలెను; ఒడిలో పెట్టుకొన్నవాడు కాళ్లు కదల్పరాదు; కావున కనీసము తల ఆనించుటకైనను ఒక ఆధారము ఉండవలెను.

మిత్రులు నన్ను చూచి, ‘నీకేమయ్యా, ఊళ్లు తిరుగుటయే ఉద్యోగము’ అందురు. తిరుగుట సత్యమే; ఉద్యోగమన్నమాట మాత్రము సత్యము కాదు. గుళ్లును గుట్టలును చెరువులును తీసిన పటములు నెలకు రెండు మూడు అమ్ముడుపోయిన ఆ నెల మహానవమి. ఇల్లు గడుచునది పెండ్లిండ్ల వలన. మాఘ ఫాల్గుణములు, వైశాఖ జ్యేష్ఠములు, శ్రావణము—ఈ మాసములందు నేను ఫంక్షను హాళ్లలో, జీలకఱ్ఱ బెల్లము తలమీద పెట్టు క్షణము కొరకు వీడియోవారితో భుజములు రాచుకొనుచు నిలిచియుందును. ఆషాఢము, భాద్రపదము, పుష్యము, నడుమ నడుమ వచ్చు గురు శుక్ర మౌఢ్యములు—పురోహితుడు పంచాంగము మూసినపుడు నా యాత్ర తెరచుకొనును. పంచాంగమున మూఢమని వ్రాసియున్న దినములే నాకు శుభదినములు. నా కుమార్తె తొలి అడుగు వేసిన సాయంకాలమున నేను ఘటకేసరు దాపున వేరొకరి కుమార్తె అప్పగింతలు తీయుచుంటిని. ఆ పటము బాగుగనే వచ్చినది.

ఆషాఢమనిన వాన. వాన వచ్చిన లెన్సులోనికి తేమ చేరును, తేమ చేరిన బూజు పట్టును. గాజు లోపలి మడతలలో సాలెగూటి వలె అల్లుకొను ఆ బూజును మొదట మనము గుర్తింపము. పటములు కొంచెము మెత్తబడినట్లుండును, అంతే. ఒక యేడు వానలన్నియు తిరిగి వచ్చి, పెండ్లిండ్లకు ముందు లెన్సును దీపమునకు ఎదురుగా పట్టి చూచినపుడు, ఆరునెలల సంపాదన అందులో వేళ్లు తన్నుకొని కనబడినది. నాటినుండి చెప్పుల పెట్టెలలోను మాత్రల డబ్బాలలోను వచ్చు సిలికా జెల్ పొట్లములను ఏరి దాచుట నాకు వ్యసనమైనది. మా వీధి మందుల దుకాణపు కుఱ్ఱవాడు వానిని నాకొరకు ప్రత్యేకముగా ఒక సీసాలో పోసియుంచును. పండుగకు మామూలు అడుగును. ఇంకొక కష్టము చల్లని గదుల వలన వచ్చినది. ఏసీ గదిలో రాత్రి యుంచిన కెమెరాను ఉదయపు ఉక్కలోనికి తెచ్చిన వెంటనే గాజుమీద ఆవిరి కమ్మును. తుడువరాదు, ఓర్చి నిలువవలెను. ఆ పావుగంటలోనే సూర్యుడు కొండదాటి పైకి వచ్చి, మనము రెండువందల కిలోమీటర్లు ఎందుకు వచ్చితిమో ఆ వెలుగు కాస్త వెళ్లిపోవును. ఏసీ లేని గది అద్దెయును తక్కువ. ఈ జ్ఞానము కలుగుటకు నాకు మూడేండ్లు పట్టినది.

పాలంపేట రామప్పగుడికి నేను ఎన్నిమారులు పోయితినో లెక్క లేదు. 1213లో గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచెర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయమునకు 2021 జులై 25న ప్రపంచ వారసత్వ స్థలముగా యునెస్కో గుర్తింపు వచ్చిన తరువాత జనము పెరిగిరి, మంచిదే. కాని దాని చూరు క్రింద నిలిచియున్న మదనికలు మాత్రము పటమునకు లోబడుట నాటివలెనే కష్టము. గుడిగోడలు ఎఱ్ఱరాయి, మదనికలు అద్దము వలె నునుపు చేసిన నల్లరాయి. కెమెరాకు నలుపు నలుపుగా చూచు తెలివి లేదు. నల్లనిదానిని చూచిన చీకటి యనుకొని వెలుగు ఎక్కువ లాగుకొనును. అప్పుడు శిల్పము బూడిద పూసికొన్నట్లు వచ్చును. వెలుగు తగ్గించిన నగల చెక్కడము చీకటిలో కలిసిపోవును. నడుమ ఒక్క దారి కలదు: ప్రక్కవాటుగా ఎండ పడు ఇరువది నిమిషములు ఏవో కనిపెట్టి, అంతవరకు కూర్చుండుట. స్టాండు నిలిపిన సులభమగును గాని, పురావస్తుశాఖవారి అనుమతి లేక స్టాండు వాడరాదు. మొదటిమారు నన్ను ఆపిన కావలివాడు ఆ నిబంధనను నాకు ఏ చట్టమునందును కానరానంత చక్కగా చెప్పెను: “సార్, కాళ్లున్న కెమెరా లోపలికి రాదు.” నా రెండు కాళ్లే స్టాండుగా, ఊపిరి బిగబట్టి, స్తంభమునకు వీపు ఆనించి తీసిన ఆ మదనిక పటము నేటికిని నా గోడమీద ఉన్నది. మా యింట దానిని అందరును చూచిరి. కొన్నవారు లేరు.

ఇవి శరీర కష్టములు. వానిని కష్టములని చెప్పుకొనుటకు కొంచెము సిగ్గగుచున్నది. ఎందుకనగా ఈ పనిలో మాకు పూర్వుడొకడున్నాడు. ఉప్పలులో సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయము ముందునుండి పోవునపుడెల్ల ఆయన నాకు జ్ఞప్తికి వచ్చును. ఏలననగా ఆయనయు మొదట కొలతల విద్య నేర్చినవాడే. మీరటు దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరు ప్రజాపనులశాఖలో నక్షాలు గీసి, ముప్పదియేండ్ల ప్రాయమున కెమెరా పట్టి, 1882 ప్రాంతమున లెపెల్ గ్రిఫిన్ దొర వెంట మధ్యభారతమంతయు తిరిగి గ్వాలియరు, సాంచి, ఖజురాహో తీసి, పిమ్మట మన సికిందరాబాదున స్టూడియో పెట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1894లో ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదమును పొంది, 1905లో పరమపదించిన లాలా దీన్‌దయాళ్ గారే ఆయన.

ఆయన కెమెరా పట్టిన తొలినాళ్లలో సంచి తొమ్మిది కిలోలు కాదు, బండెడు. పటము తీయవలెననిన, గాజుపలకకు కొలోడియను పూసి, చీకటి గుడారములో వెండి కరగిన ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమెరాలో నిలిపి, వెలుగు చూపించి, తడి ఆరకముందే మరల గుడారమునకు పరుగెత్తి రసాయనములు పోసి కడుగవలెను. మన రోహిణి కార్తె ఎండలో ఆ తడి ఎన్ని నిమిషములు నిలుచునో మీరే ఊహింపవచ్చును. కడుగుటకు నీరు కావలెను, అదియును తేట నీరు. పలక పగిలిన, దారిలో బండి గుంతలో పడిన, అంతయు మొదటికి. ఇట్లు సాధించిన గాజుపలకలు 2,800కు పైచిలుకు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా ఉన్నవి. చాల పటముల అడుగున సంఖ్యయు స్థలనామమును వ్రాసియుండుట చూచితిని. కొలతలు నేర్చినవాని క్రమశిక్షణ అది. కాని నేను చూచినంతలో, బండి తోలినవాని పేరు గాని, నీరు మోసినవాని పేరు గాని, గుడి మెట్టుమీద కొలత కొరకు నిలుచుండుమనగా నిలుచున్నవాని పేరు గాని ఏ పటము అడుగునను లేదు. అప్పటి లోకరీతి అది. మనము మారితిమా యనిన ప్రశ్నకు ఇప్పుడు వచ్చుచున్నాను.

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, రామప్పకు కొలది దూరమున, ఘనపురము కోటగుళ్లు కలవు. రామప్పకు వచ్చినవారిలో చాలమంది అటు పోరు. ఒక పుష్యమాసపు ఉదయమున నేనచ్చట ఉండగా, శిథిలమైన మంటపముల నడుమ తెల్లని తెర వంటిది పరచుకొనియుండెను. ఆ తెరలోనుండి గొఱ్ఱెల మంద ఒకటి, దాని వెనుక గొంగడి కప్పుకొన్న ముసలి కాపరి ఒకడు నడిచివచ్చిరి. తీసితిని. అతడు నిలిచి, “గిది దీస్కపోయి ఏం జేస్తవు సారు?” అని అడిగెను. “అందరికీ చూపిస్త తాతా” అంటిని. “సూపిచ్చి?” అనెను. నాయొద్ద జవాబు లేదు. ‘నీకూ ఒకటి తెచ్చి ఇస్త’నని చెప్పి, అందరు ఛాయాచిత్రకారులును చెప్పునట్లే చెప్పి, బస్సెక్కితిని.

ఆ పటము ‘పొగమంచులో కోటగుళ్లు’ అను పేరుతో ఒక పోటీలో చిన్న బహుమతి పొందినది. రెండేండ్ల తరువాత ఒకనాడు మా నాచారము పారిశ్రామికవాడలో, షిఫ్టు వదలిన కార్మికులతో క్రిక్కిరిసిన ఒక టీ కొట్టున చాయ తాగుచు తలయెత్తి చూచునంతలో, గోడమీది కేలండరులో నా గొఱ్ఱెలు నడచుచున్నవి! నన్ను అడిగినవారు లేరు, రూపాయి ఇచ్చినవారు లేరు, నా పేరు లేదు. పటము క్రింద పెద్ద అక్షరములతో ‘హంపి’ అని ఉన్నది.

చట్టము మాకు లేకపోలేదు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమున ఛాయాచిత్రమునకు స్థానమున్నది. 2012లో చేసిన సవరణ వలన, గ్రంథకర్తకున్నట్లే ఛాయాచిత్రకారునికిని బ్రతికినంత కాలమును, ఆ పైన 60 ఏండ్లును హక్కు నిలుచును. అయితే అదే చట్టపు 17వ సెక్షనులో ఒక మెలిక కలదు: డబ్బిచ్చి తీయించుకొన్నవాడు, వేరు ఒడంబడిక లేనిచో, ఆ పటమునకు తానే తొలి హక్కుదారుడగును. ఈ సంగతి తెలియక, వాయిదాలలో వచ్చు సొమ్ము కొరకు ఎదురుచూచుచు, ఒప్పందము కాగితముమీద పెట్టుటకు మొగమాటపడి, జీవితకాలపు పటములను ఊరక పోగొట్టుకొన్న మిత్రులు నాకు పలువురున్నారు. యువకులెవరైన వినుచున్నచో, కెమెరా కొనుటకు ముందు ఒక రసీదు పుస్తకము కొనుడు. నా కేలండరు విషయమున డబ్బిచ్చి తీయించుకొన్నవారే లేరు గనుక హక్కు నాదే. ఒక నోటీసు పంపితిని. వారు మరుసటి యేడు వేరొకరి పటము వేసిరి.

ఆ సాయంకాలము నాకు పేరు పోయినందుకంటె ఊరు పోయినందుకు ఎక్కువ కోపము వచ్చినది. ఘనపురమును పట్టుకొని హంపి యనుట యెంతటి అన్యాయము! ఆ కోపములోనే ముసలి కాపరికిచ్చిన మాట జ్ఞప్తికి వచ్చి, పటమును పెద్దదిగా అచ్చు వేయించి, ఆషాఢము రాగానే ఉప్పలులో బస్సెక్కితిని. రెండు దినములు వెదకితిని. గొఱ్ఱెల కాపరికి చిరునామా యెక్కడిది? వాన యే వైపు పడిన అటు పోవును. మూడవనాడు ఒక మఱ్ఱిచెట్టు క్రింద దొరకెను.

పటము చేత బట్టుకొని అతడు తన ముఖమును చూచుకొనలేదు. వ్రేలు గొఱ్ఱెలమీద ఒక్కొక్కదానిమీదుగా పోయినది. “గిది బొల్లిది, దీన్ని మొన్న దసరకు అమ్మిన. గిది దీని పిల్ల, ఇప్పుడు తల్లైంది. గీ చెవి కోసింది మా అల్లునిది, నా మందల కలిసింది.” నేను రెండేండ్లు చూచిన పటములో నాకు గొఱ్ఱెలు మాత్రమే కనబడినవి, అతనికి అది పద్దుపుస్తకము. పిమ్మట ఆ తెల్లని తెరను చూపి, “పొగ మస్తుగొచ్చింది” అనెను. “పొగ గాదు తాతా, మంచు” అంటిని. అతడు నావంక జాలిగా చూచెను. “మంచెక్కడిది సారు? ఆ దినం ఎనుక మడికట్ల కొయ్యకాల్లు గాలవెట్టిన్రు. గుడి సుట్టు కమ్మింది. గొర్లకు దగ్గు వట్టింది.”

కేలండరువారు ఊరు తప్పు వ్రాసిరి. నేను గాలి తప్పు వ్రాసితిని. ఎవరి తప్పు పెద్దదో నేటికిని తేల్చుకొనలేదు. బహుమతి ఇచ్చినవారికి సంగతి వివరించి ఉత్తరము వ్రాసితిని, ప్రత్యుత్తరము రాలేదు, బహుమతి సొమ్ము ఈ రెండు ప్రయాణముల బస్సు చార్జీలతో అప్పటికే చెల్లిపోయినది. కాపరి మాత్రము పటమును ప్లాస్టికు కవరులో చుట్టి, గొంగడి మడతలో పెట్టుకొని, నాకు ఒక గ్లాసు గొఱ్ఱెపాల చాయ పోసెను. ఈ వృత్తిలో నాకు దొరకిన పారితోషికములలో మొదట చెప్పదగినది అదే. రుచి గూర్చి అడుగకుడు.

నాటినుండి ఒక నియమము పెట్టుకొంటిని: తీసినవారికి పటము తిరిగి ఇచ్చువరకు ఆ పటము పూర్తి కాలేదని లెక్క. ఇందువలన సగము సంపాదన తిరుగు ప్రయాణములకే పోవుచున్నది. మా యింటివారి అభిప్రాయము ఇచ్చట ప్రసారయోగ్యము కాదు. కాని పటము తిరిగి తీసికొనిపోయిన ప్రతి ఊరిలోను ఎవరో ఒకరు నన్ను సరిదిద్దిరి: ఇది జాతర కాదు, తద్దినమని; ఇది పాత బావి కాదు, మొన్న తవ్వినదని; ఈమె వీని తల్లి కాదు, మేనత్త యని. మొదటిమారు పోయినపుడు దొరకునది వెలుగు మాత్రమే. ఈ సంగతులన్నియు రెండవమారు పోయినవానికే తెలియును.

ఇంత చెప్పిన నేను, మొన్న వానలకు ఇంటి అల్మారా తడిసి పాత పెట్టెలు దించినపుడు చూచుకొంటిని గదా—ఆదిలాబాదు నుండి శ్రీకాకుళము వరకు వేలకొలది పటములున్నవి. నాచారమువి ముప్పదియైన లేవు. ఉన్నవానిలో ఒకటి ఉప్పల్ నల్లచెరువు గట్టు: నీరు నిండుగా ఉన్నది, గట్టుమీద ఒక బాలుడు సైకిలు పట్టుకొని నిలుచున్నాడు, వెనుక ఒక్క మేడయు లేదు. తీసినవాడను నేనే. ఏ యేడో తెలియదు, ఆ బాలుడెవరో తెలియదు. వెనుకవైపు తెల్లగా ఉన్నది. వీరాస్వామయ్యగారు చూచియుండిన ఏమనియుండెడివారో!

కావున ఉప్పలు, నాచారము, రామంతాపురము, హబ్సిగూడ, మల్లాపురము వాసులకు ఒక మనవి. మీ యింట బీరువాలోనో, అమ్మగారి ట్రంకుపెట్టెలోనో పాత ఫోటోలు ఉండక మానవు. వచ్చు ఆదివారమున వానిని దింపి, ఇంట పెద్దవారెవరైనను ఉన్నచో వారి ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్కటి చూపుడు. వారు చెప్పినది చెప్పినట్లు—ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, వెనుక కనబడు గోడ ఎవరిది—పటము వెనుక మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయుడు. పెన్ను వలదు, సిరా కాగితములోనికి దిగి ముఖములమీద తేలును. ఫోనులో ఉన్న పటములైనచో రెండు మూడు అచ్చు వేయించి, వానిమీదను వ్రాయుడు. సంవత్సరము సరిగా జ్ఞప్తికి రానిచో చింత లేదు. ‘మెట్రో స్తంభములు రాకముందు’ అని వ్రాసినను చాలును.